అప్పు చేసి రైలుబండి

(బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి)

"ఓపెన్ టీటీడీ" అనే మాట మన రాష్ట్రంలో ఎవరి ముందు అన్నా ఏడుకొండలే గుర్తుకొస్తాయి. సెలవులకి ఇంటికి పోయినప్పుడు నా కంప్యూటరులో ఆ పేరు చూసి మా అమ్మ కూడా అలాగే అనుకుంది. "దర్శనం టిక్కెట్లు వదిలినారా? అందరికీ కలిపి తీయి" అంది. ఇది దేవస్థానం కాదు, రైళ్లూ లారీలూ నడిపే ఆట అని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇక్కడ టీటీడీ అంటే ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్.

క్రిస్ సాయర్ అనే స్కాట్లండు ప్రోగ్రామరు రాసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్‌ను 1994లో మైక్రోప్రోజ్ కంపెనీ విడుదల చేసింది. మరుసటి ఏడు మెరుగులు దిద్ది డీలక్స్ అన్నారు. ఆయన దాన్ని చాలామటుకు అసెంబ్లీ భాషలోనే రాశాడు. ఎలక్ట్రానిక్స్ ప్రాక్టికల్సులో రెండు అంకెలు కూడడానికి ఆ భాషతో మనం పడే తిప్పలు తలుచుకుంటే ఆయనకి దణ్ణం పెట్టబుద్ధవుతుంది. ఆ తర్వాత లూడ్విగ్ స్ట్రిజియస్ అనే ఆయన ఆ ఆట లోపలి పనితీరును విప్పి చూసి, తిరిగి రాయగా 2004లో ఓపెన్ టీటీడీ వచ్చింది. అప్పటి నుంచి ఎందరో ఔత్సాహికులు దాన్ని పెంచుతూ వస్తున్నారు. పైసా ఖర్చు లేదు. పాత కంప్యూటరులోనూ నడుస్తుంది. హాస్టలు విద్యార్థికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆరితేరిన వారికి ఈ వ్యాసం అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టే సోదర విద్యార్థుల కోసం నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను రైతు బిడ్డను కాబట్టి మధ్యలో మా ఊరు కూడా వస్తుంది. ఓర్చుకోండి.

మొదటి మాట అప్పు గురించి. మామూలుగా ఆట 1950లో మొదలవుతుంది. చేతిలో లక్ష పౌన్లు ఉంటాయి. చూసి మురిసిపోకండి. అది బ్యాంకువాళ్ల సొమ్ము. అడిగితే మూడు లక్షల దాకా ఇస్తారు, వడ్డీ మాత్రం మానరు. ప్రతి పంటా అప్పుతోనే మొదలయ్యే ఇళ్లలో పుట్టినవాళ్లకి ఇది కొత్త కాదు. సూత్రం ఒకటే: సంపాదించి పెట్టేదానికే అప్పు తెచ్చిన డబ్బు పెట్టండి. వంతెనలూ సొరంగాలూ చూడ్డానికి బాగుంటాయి గాని తొలి ఏట అవి మనకి తగవు. నేల చదునుగా ఉన్న చోట ఒక్క దారి వేసి, దాని మీద వచ్చిన లాభంతో రెండో బండి కొని, కొంచెం కొంచెంగా అప్పు తీర్చుకుంటూ పోవాలి. చేతిలో ఉన్నదంతా పట్టాలకే పోసి ఇంజను కొనడానికి డబ్బు లేక కూర్చునేవాళ్లు ఆటలోనే కాదు, లోకంలోనూ ఉన్నారు.

రెండో మాట ఏం మోయాలన్నది. కొత్తవాళ్లకి బొగ్గు మంచిది. గని నుంచి విద్యుత్ కేంద్రానికి యాభై అరవై గడుల దూరం ఉంటే చాలు. గని చుట్టుపక్కల, దానికి అందే దూరంలోనే స్టేషను కట్టాలి. కట్టగానే బొగ్గు వచ్చి పడదు. మొదటి బండి వచ్చి నిలబడి అడిగిన తర్వాతే రావడం మొదలవుతుంది.

కిరాయి లెక్క మూడింటి మీద ఉంటుంది: ఎంత సరుకు, ఎంత దూరం, ఎన్ని రోజులు. దూరం కొలిచే పద్ధతి ఎం.పి.సి. వాళ్లకి నచ్చుతుంది. రెండు స్టేషన్ల మధ్య కర్ణం కొలవరు. అడ్డంగా ఎన్ని గడులు, నిలువుగా ఎన్ని గడులు అని చూసి రెండూ కలుపుతారు. పట్టాలు ఎన్ని మెలికలు తిప్పినా ఆ మెలికలకి కిరాయి రాదు సుమా! పైగా రోజులు వృథా. బొగ్గుకి ఆలస్యమైతే కిరాయి నిదానంగానే తగ్గుతుంది. పండ్లకి అలా కాదు. ఉష్ణమండలపు పటంలో పండ్ల తోటలుంటాయి. ఆ కాయ బండెక్కిన దగ్గర్నుంచే కిరాయి జారడం మొదలవుతుంది. అయినా ఎంత ఆలస్యమైనా ఎనిమిదో వంతుకి కాస్త అటూ ఇటూ ఇచ్చి తీరతారు, సున్నా చేయరు. మాది మదనపల్లె వైపు పల్లె. టమోటా వేస్తాం. ధర పడిపోయిన రోజున కోత కూలి కూడా రాక కాయను రోడ్డు పక్కన పారబోసి వచ్చేవాళ్లను చూసినవాణ్ణి. ఆ ఎనిమిదో వంతు చూసి ఈ లోకం మంచిదే అనుకున్నాను.

మూడో మాట అన్నిటికన్నా ముఖ్యమైంది. బండికి ఇచ్చే ఆజ్ఞల్లో "పూర్తి లోడు అయ్యేదాకా ఆగు" అని ఒకటుంది. సరుకు ఎక్కించే చోట మాత్రమే ఇది ఇవ్వాలి. దించే చోట ఇస్తే బండి అక్కడే కాపురం పెడుతుంది. ప్రయాణికుల బస్సులకి ఇది పనికిరాదు, వెనకాల బస్సులు బారులు తీరతాయి. గని దగ్గర మాత్రం ఇది బంగారం. బండి సగం ఖాళీగా పోతే డిజిలు అంతే, రాబడి సగం. పైగా స్టేషనులో ఎప్పుడూ ఒక బండి లోడవుతూ ఉంటే మన మీద గనివాళ్లకి నమ్మకం పెరిగి ఎక్కువ సరుకు మనకే ఇస్తారు. దాన్నే స్టేషను రేటింగు అంటారు. వేగమైన బండి, కొత్త బండి ఉంటే అది ఇంకా పెరుగుతుంది. సరుకు గుట్టలుగా పేరుకుపోతే తగ్గుతుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ప్లాట్‌ఫారం మీద ఉన్నంతసేపు సరుకుకి వయసు లెక్కపెట్టరు. బండిలో పడిన క్షణం నుంచే లెక్క. అందుకని పండ్లకి పొడుగాటి రైలు పెట్టి పూర్తి లోడు అంటే, ముందు ఎక్కిన కాయ చివరి కాయ కోసం కాచుకుని నష్టపోతుంది. పండ్లకి చిన్న బండ్లు, ఎక్కువ బండ్లు. బొగ్గుకి పెద్ద రైలు. ఇంతే తేడా.

ఈ కిటుకు తెలిసిన రోజు నాకు మా ఊరి టెంపో గుర్తొచ్చింది. మా ఊళ్లో టమోటా క్రేట్లు యార్డుకి మోసే టెంపో ఒకటుంది. అది నిండందే కదలదు. ఒక చేను దగ్గర పదిహేను క్రేట్లు, ఇంకో చేను దగ్గర ఇరవై, ఇలా ఆగి ఆగి నింపుకుని పోయేసరికి యార్డులో వేలం మొదలైపోయి ఉంటుంది. "వానికి డిజిలు లెక్క, మనకి కాయ లెక్క" అని నాయన విసుక్కునేవాడు. ఇద్దరి లెక్కా నిజమే. సగం బండితో పోతే టెంపో అన్నకి కిట్టదని ఆట నాకు అంకెల్లో చూపించింది. అయితే ఆటలో ప్లాట్‌ఫారం మీద కాయకి వయసు రాదు. మా చేను గట్టున వస్తుంది. నిండేదాకా ఆగిన సమయానికి వెల ఎవరో ఒకరు కట్టాలి. ఇన్నాళ్లూ కట్టింది మేమే.

అందుకని పోయిన సీజనులో నాయనతో మాట్లాడి, పక్క చేల వాళ్లు ముగ్గురితో ఒక మాట అనుకున్నాం. ముందు రోజు సాయంత్రమే ఎవరివి ఎన్ని క్రేట్లో ఫోనులో లెక్క కలపడం. క్రేట్లన్నీ ఎడ్లబండి మీదో, ట్రాక్టరు మీదో ఊరి బయట వేపచెట్టు కిందికి చేర్చడం. టెంపో ఒక్క చోటే ఆగుతుంది, ఒక్కసారే నిండుతుంది. ఆటలో దీన్ని చిన్న బండ్లతో సరుకు చేర్చి పెద్ద బండికి ఎక్కించడం అంటారు. టెంపో అన్న కూడా సంతోషించాడు. రోజూ వేలానికి ముందే యార్డులో ఉన్నాం. ధర మా చేతిలో లేదు. వేళ మాత్రం మా చేతికొచ్చింది.

నాలుగో మాట సిగ్నళ్లది. ఒంటి పట్టా మీద రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చి నిలబడితే, మన ఊరి సందులో రెండు బండ్లు ఎదురుపడ్డట్టే, ఎవరూ వెనక్కి తగ్గరు. డబ్బు చేతికి రాగానే రెండు పట్టాలు వేసి, పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి అని విడదీయండి. కొత్తవాళ్లకి ఒకవైపు మాత్రమే పోనిచ్చే పాత్ సిగ్నళ్లు చాలు. పట్టాలు కలిసే చోటికి ముందర సిగ్నలు పెట్టండి. దాటిన తర్వాత పెట్టే సిగ్నలుకి ముందు ఒక పూర్తి రైలు పట్టేంత చోటు వదలండి. లేకపోతే రైలు తోక కూడలిలోనే ఉండిపోయి మిగతా బండ్లన్నీ ఆగిపోతాయి.

ఇక చిల్లర మాటలు. దారిలో అక్కడక్కడ డిపో ఉంచండి, లేకపోతే మరమ్మత్తు లేక బండ్లు దారిలో పొగలు కక్కుతాయి. ఊరి దగ్గర చెట్లు కొట్టి పట్టాలు వేస్తే ఆ ఊరి పెద్దలకి కోపమొచ్చి స్టేషను కట్టనివ్వరు. నాలుగు చెట్లు నాటితే చల్లబడతారు. ఏడాదికోసారి ఏ బండి నష్టంలో ఉందో పట్టిక చూసి కారణం వెతకండి.

ఒక రాత్రి నేను ఆడుతుంటే నాయన పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు. పొలం, స్టేషను, రైలు, ఫ్యాక్టరీ. రైలు సరుకు దించగానే పైన డబ్బు అంకె తేలింది. అప్పుడు అడిగాడు: "సేద్యం చేసినోనికి ఎంతిస్తారురా?"

"ఏమీ ఇవ్వరు నాయనా. డబ్బంతా మోసినోనికే."

"ఇంక ఆట అంటావేమిరా దాన్ని" అని లేచిపోయాడు.

నవ్వొచ్చింది గాని, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆటలో పొలానికి విత్తనం ఖర్చు లేదు, కూలి లేదు, రైతు ఇల్లు లేదు. అది మోసేవాడి కన్నుతో చూసిన లోకం. కాని అందులోనూ ఒక నిజముంది. సరుకును వేళకి, ఎక్కువ భాగం తీసుకెళ్తూ ఉంటే ఆ పొలంలో ఉత్పత్తి పెరిగే అవకాశం ఎక్కువ. రవాణా రైతుకి చేసే మేలు అదే. 2020 ఆగస్టు 7న మహారాష్ట్రలోని దేవలాలి నుంచి బీహారులోని దానాపూర్‌కి మొదటి కిసాన్ రైలు నడిచింది. అదే ఏడు సెప్టెంబరు 9న మన అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్ నగర్‌కి ఒకటి బయల్దేరింది. ఇంత సరుకు ఉంటేనే అనే కనీస పరిమితి లేకుండా, ఉన్న కొద్దిపాటి కాయే పంపుకునే వీలు దాంట్లో ఇచ్చారు. పూర్తి లోడు సూత్రాన్ని చిన్న రైతు కోసం సడలించడమంటే అదే గదా! అలాంటి బండి ఎక్కడ ఆగాలి, ఎన్ని గంటలకి ఆగాలి అనేవి తేల్చేది లెక్కలొచ్చినవాళ్లే. రేపు మనలో కొందరు ఆ కుర్చీల్లో కూర్చోవచ్చు.

చివరగా తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక హెచ్చరిక. ఆటలో ఒక ఏడాది సుమారు పన్నెండు నిమిషాల్లో గడిచిపోతుంది. "ఇంకో ఏడాది" అంటూ పదేళ్లు ఆడితే రెండు గంటల పైన చదువు పోయినట్టే. గురువులు నన్ను తిట్టకుండా చూసే భారం మీదే. ఆడండి, అప్పులు తీర్చండి, రైళ్లు నడపండి. స్టేషను కట్టిన ప్రతిసారీ ప్లాట్‌ఫారం మీద ఏముందో, ఎంతసేపటి నుంచి ఉందో ఒక్కసారి చూడండి. ఆ సరుకు వెనకాల ఎవరో ఒకరు తెల్లవారుజామునే లేచి ఉంటారు.