తాళం లేని తలుపు

మేము నలుగురము. ఇద్దరిది జగిత్యాల, ఒకరిది కోరుట్ల, ఒకరిది సిరిసిల్ల. ఒకరి ఇంట బీడీలు చుట్టుదురు, ఒకరి ఇంట మరమగ్గము నడుచును. అందరమూ ఉపకారవేతనముపై ఆధారపడి చదువుచున్నవారమే.

గత సంవత్సరము ఒక సాయంకాలము నెట్ సెంటరులో కూర్చుండి, ఒక వెబ్‌సైటులో మా దరఖాస్తు చూచుకొనుచున్నాము. తెరపై చిరునామా గడిలో దరఖాస్తు సంఖ్య కనబడుచున్నది. పొరపాటున చివరి అంకె మారగా, ఎవరో తెలియని బాలిక దరఖాస్తు ఎదుట నిలిచినది. తండ్రి ఆదాయము, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు అన్నియు అందులో ఉన్నవి.

"ఇంకొకటి చూద్దామా?" అన్నది మాలో ఒక కంఠము. అది ఎవరిదో చెప్పము. మనస్సులో అందరమూ అనుకొన్న మాటయే అది. "మన చెల్లె కాగితం కూడ ఎవడో ఇట్లనే చూస్తుండొచ్చు" అని ఇంకొకరు అనగానే చేతులు ఆగిపోయినవి.

ఈ దోషము క్రొత్తది కాదని పిదప తెలిసికొన్నాము. వెబ్‌సైట్ల భద్రతకై 2001లో ఏర్పడిన ఓవాస్ప్ అను స్వచ్ఛంద సంస్థ, 2003 నుండి పది ముఖ్య ప్రమాదముల జాబితాను ప్రకటించుచున్నది. 2017 జాబితాలో ఐదవదిగా ఉన్న ఈ దోషము 2021లో మొదటిదైనది, 2025లోను మొదటిదే. "నీవు ఎవరు?" అని అడుగు యంత్రము, "ఈ కాగితము నీదేనా?" అని అడుగకపోవుటయే దీని మూలము. గుమాస్తా టోకెను చూచి ఎవరి పాసుపుస్తకమైనను చేతికిచ్చినట్లు!

2024లో తెలంగాణ పోలీసువారి హాక్ ఐ యాప్ నుండి ప్రజల వివరములు బయటికి పోయినవి. జూన్ మాసమున పట్టుబడినవాడు మా ఈడు విద్యార్థియే. అనుమతి లేక ఇతరుల కంప్యూటరులో దురుద్దేశముతో ప్రవేశించినవారికి, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము మూడేండ్ల వరకు జైలుశిక్ష విధించుచున్నది. అతనికిని మాకును నడుమ ఉన్న దూరము ఎంత? ఆ సాయంకాలము ఒక్క మీట నొక్కుట మాత్రమే.

ఆ రాత్రియే వెబ్‌సైటువారికి జాబు వ్రాసినాము. ప్రత్యుత్తరము రాలేదు. కొన్ని దినములకు మాలో ఒకరి సంఖ్యను, వారి సమ్మతితోనే, మరియొకరు నొక్కి చూడగా తెర తెరువలేదు. ఆనాటి మా సంతోషమునకు ఏ బహుమతియు సాటి రాదు. ఇట్టి లోపములను తెలుపుటకు 2004 నుండి పనిచేయుచున్న సెర్ట్-ఇన్ అను కేంద్రప్రభుత్వ సంస్థ కూడ కలదు.

ఈ విద్య నేర్చినవారు 2010 నుండి గోవాలో నల్‌కాన్ పేర సమావేశమగుచున్నారు. హైదరాబాదులోను ఓవాస్ప్ శాఖ కలదు. గోవా మాకు దూరమే. హైదరాబాదు అంత దూరము కాదు. రాబోవు విద్యాసంవత్సరమున ఆ శాఖవారిలో ఒకరిని మన కళాశాలకు పిలిపించి, ఒక్క పూట ప్రసంగము ఏర్పాటు చేయవలసినదిగా కమిటీ పెద్దలను కోరుచున్నాము.

ఇతరుల సొమ్ము మన చేతికి వచ్చినచో, మన ఉర్దూ మిత్రులు దానిని అమానత్ అందురు. ఇతరుల వివరములును అట్టివే.