‘పేట’ ముక్క మంచులో పడింది

"అన్నా... విరిగిపోయింది."

2025 జనవరి. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. మినియాపొలిస్ నుంచి తమ్ముడి ఫోను. వాడికప్పుడు ఉదయం పది. ఆ గొంతు వినగానే నా గుండె జారిపోయింది. చెయ్యా, కాలా అని కంగారుగా అడిగాను.

"కాదన్నా, డిస్కు."

నవ్వాలో తిట్టాలో తెలీలేదు. పదో పదిహేనో డాలర్లు పారేస్తే ఇంకోటొచ్చే ప్లాస్టిక్ బిళ్ల కోసం, ముప్పై దాటినవాడు ఏడవడమేంటి! ఆ మాటే అనబోయాను. అంతలో వాడే అన్నాడు.

"నాయన రాసిందన్నా అది."

ఇక నేనేమీ అనలేకపోయాను.

వాడు మా బాబాయి కొడుకు. మాది ఇందుకూరుపేట. నెల్లూరుకీ మైపాడు సముద్రానికీ నడుమ ఉంటుంది. రొయ్యల గుంటలు రాకముందు బాబాయికి విసురువల ఉండేది. నడుమునిలా తిప్పి ఒక్క విసురు విసిరితే వల గాల్లోనే గుండ్రంగా విచ్చుకుని పళ్లెంలా నీళ్లమీద పడేది. మేమిద్దరం గట్టుమీద నిలబడి అన్నం గిన్నె మూతల్ని అలాగే విసరబోయి పిన్ని చేత దెబ్బలు తినేవాళ్లం. సొట్టలుపడ్డ ఆ మూతల్లో ఒకటి ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది.

తమ్ముడు ఉద్యోగానికని వెళ్లింది మిన్నెసోటా. పదివేల సరస్సుల రాష్ట్రం అంటారు. చలికాలంలో ఆ సరస్సులన్నీ గడ్డకట్టి, వాటిమీద మనుషులు నడుస్తారు, కార్లు నడుపుతారు. మొదటి శీతాకాలం వాడు గదిలోంచి బయటికి రాలేదు. ఫోన్లోనూ ముక్తసరిగా మాట్లాడేవాడు. ఆఫీసులో పక్క సీటాయన బలవంతంగా ఓ పార్కుకి లాక్కెళ్లి చేతిలో ఒక డిస్కు పెట్టాడట. ఆ రోజు నుంచి మనిషి మళ్లీ మనిషయ్యాడు. అందుకే ఆ ఆటంటే నాకూ కాస్త గౌరవం.

డిస్క్ గోల్ఫ్ అని దాని పేరు. గోల్ఫే, కాకపోతే కర్రా బంతీ ఉండవు. డిస్కుని విసురుకుంటూ వెళ్లి, గొలుసులు వేలాడే ఓ ఇనుప బుట్టలో పడేయాలి. తక్కువ విసుర్లలో 18 బుట్టలు పూర్తి చేసినవాడు గెలిచినట్టు. ఫ్రిస్బీకి మెరుగులు దిద్దిన ఎడ్ హెడ్రిక్ అనే అమెరికన్ దీనికి ఆద్యుడు. 1970ల్లో కాలిఫోర్నియాలో మొదటి కోర్సు వేసి, గొలుసుల బుట్ట కనిపెట్టి, ఆటగాళ్లకో సంఘం కూడా పెట్టాడు. 2002లో పోయాడు. తన చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోయమని చెప్పి మరీ పోయాడు. అలాగే పోశారు! తమ్ముడు ఈ సంగతి చెప్పినప్పుడు ‘ఇదేం పిచ్చి’ అని నవ్వాను. ఇప్పుడంత నవ్వు రావడం లేదు.

2019 వేసవిలో బాబాయీ పిన్నీ అమెరికా వెళ్లారు. పార్కులో ఆ బుట్టల్ని చూసి బాబాయి "ఏందిరా ఇయ్యి, కోళ్ల గంపల్లాగ?" అన్నాడట. తర్వాత ఒక డిస్కు తీసుకుని, వల విసిరినట్టే నడుం తిప్పి వదిలాడు. అది బుట్ట పక్కనే పడింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. తమ్ముడు ఆ పూటే దుకాణానికెళ్లి, అన్నిటికన్నా గట్టిదేదని అడిగి, గాజులా మెరిసే ఓ డిస్కు కొన్నాడు. ఆటగాళ్లు డిస్కు అడుగున పేరూ ఫోన్ నంబరూ రాసుకుంటారు. పొదల్లో పోతే దొరికినవాళ్లు పిలిచి ఇస్తారని. బాబాయి మార్కరు తీసుకుని తెలుగులో వాడి పేరు, దానికింద ‘ఇందుకూరుపేట’ అని రాశాడు.

"నాయనా, ఇక్కడ దీన్నెవరు చదవతారు?"

"చదవగలిగినోడికే దొరకాల. వాడయితేనే తెచ్చిస్తాడు."

2021 మేలో బాబాయి కోవిడ్‌తో పోయాడు. అప్పుడే మన దేశం నుంచి వచ్చేవాళ్లకి అమెరికా తలుపులు మూసింది. వాడున్న వీసా మీద వస్తే తిరిగి వెళ్లే దారి లేదు. అక్కడ భార్యకి నెలలు నిండుతున్నాయి. మైపాడులో అస్థికలు కలిపింది నేనే. ఫోన్‌ని సముద్రం వైపు తిప్పి పట్టుకున్నాను. గాలి హోరులో వాడి మాటలేవీ వినపడలేదు.

ఆ తర్వాత వాడా డిస్కుని సంచిలో మోసేవాడేగానీ విసిరేవాడు కాదు. ఆ ఆదివారం ఉష్ణోగ్రత సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. ఉన్న రెండు డిస్కులూ మంచులో కూరుకుపోయాయి. మంచులో ఆడేవాళ్లు డిస్కుకి ఓ రంగు రిబ్బను అంటించుకుంటారు, అది పైకి కనబడుతుందని. వాడికా రోజు బద్ధకమేసింది. చేతిలో మిగిలింది అదొక్కటి. ‘ఒక్కసారేగా’ అనుకున్నాడు. చెట్టుకి తగిలింది. టప్‌మని కాదట, గాజుగ్లాసు పగిలినట్టు చప్పుడు. అంచుదగ్గర నెలవంకంత ముక్క ఊడిపోయింది. ‘ఇందుకూరు’ చేతికొచ్చింది. ‘పేట’ మంచులో పడింది. దానికోసం గంటసేపు తవ్వాడట, వేళ్లు మొద్దుబారిపోయేదాకా. దొరికాకే నాకు ఫోన్ చేశాడు.

ఎండాకాలమంతా ఎన్ని చెట్లకి తగిలినా గీతపడని రకం అది. కొన్నదే విరగదని! మరెందుకు విరిగింది? తెలుసుకునేదాకా నాకు నిద్రపట్టలేదు.

ప్లాస్టిక్ అంటే పొడవాటి దారాల్లాంటి అణువుల చిక్కుముడి. వెచ్చగా ఉన్నంతసేపూ ఆ దారాలు ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి. దెబ్బ తగిలితే వంగి, సాగి, దాన్ని మింగేస్తాయి. చల్లబడేకొద్దీ ఆ కదలిక తగ్గుతుంది. ఓ స్థాయికి వచ్చేసరికి దారాలన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అప్పుడది ప్లాస్టిక్ కాదు, గాజే. వంగలేనిది విరుగుతుంది. ఆ స్థాయి ఒక్కో ప్లాస్టిక్‌కి ఒక్కోచోట. పాలిథిన్‌కి సున్నాకి వంద డిగ్రీలు కిందకి వెళ్లినా రాదు. కుర్చీలూ డబ్బాలూ చేసే మామూలు పాలీప్రొపిలీన్‌కి సున్నా దగ్గరే వచ్చేస్తుంది. మీ ఇంట్లో డీప్ ఫ్రీజర్లో పెట్టిన డబ్బా తీయగానే జారిపడి పగిలిందా? అడుగున త్రికోణంలో అంకె చూడండి. 5 అయితే పాలీప్రొపిలీన్. 2, 4 అయితే పాలిథిన్, అదంత తేలిగ్గా పగలదు.

నవ్వులాటకి తీసుకునే సంగతేం కాదిది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక 73 సెకన్లలో ముక్కలై ఏడుగురు పోయింది కూడా చలికి బిగుసుకుపోయిన రబ్బరు రింగు వల్లే. శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కనే ఐసునీళ్ల గ్లాసులో ముంచి, విచారణలో అందరికీ చూపించాడు.

ఖరీదైన డిస్కులు ఎక్కువగా పాలీయురేథేన్‌తో చేస్తారు. అందులోనే గట్టివీ ఉంటాయి, మెత్తటివీ ఉంటాయి. గట్టివి వేసవిలో చావవు, గడ్డకట్టే చలిలో ఒక్కోసారి ఇలా మోసం చేస్తాయి. అందుకే చలికాలానికి మెత్తటి రకాలు వేరేగా కొంటారు. ఇన్నోవా వాళ్ల జీస్టార్, డిస్క్‌క్రాఫ్ట్ వాళ్ల ఫ్లెక్స్ అలాంటివే. చేత్తో నొక్కితే పూరీలా వంగుతాయి. మొద్దుబారిన వేళ్లకి పట్టూ బాగా దొరుకుతుంది. ఇవన్నీ తమ్ముడికి తర్వాత తెలిశాయి. ఇప్పుడు వాడికి రెండు సంచులు. జనవరి సంచి వేరు, జూన్ సంచి వేరు. చలిరోజుల్లో తర్వాత వేయబోయే డిస్కుని కోటు లోపల పొట్టకి ఆనించి పెట్టుకుంటాడట, కోడిగుడ్డు పొదిగినట్టు.

మన దగ్గర ప్లాస్టిక్‌కి చలిగండం లేదు. సంక్రాంతి పొద్దున 20 డిగ్రీలకే మఫ్లర్లు చుట్టేస్తాం. ఇక్కడ దాని శత్రువు ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ దారాల్ని తెంపేస్తాయి. బాబాయి గుంటగట్టున వేసుకునే తెల్లకుర్చీ రెండేళ్లకి సున్నంలా పొడి రాలేది, మూడో ఏడు కూర్చుంటే కాలు విరిగేది. కాలవలోనే చిల్లులు పొడిచి, బైండింగు తీగతో కుట్టి మళ్లీ కూర్చునేవాడు. ఏరియేటర్ల ఫ్లోట్లనీ అలాగే కుట్టేవాడు. మిద్దెమీది నీళ్ల ట్యాంకు నల్లగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? అందులో కలిపిన బొగ్గు మసి ఎండని అడ్డుకుంటుంది.

2025 మేలో బాబాయి తద్దినానికి వాడొచ్చాడు. నాలుగేళ్ల తర్వాత. చీరమడతల్లో పెట్టినట్టు బట్టల మధ్య రెండు ముక్కలు. పక్కన నాకోసమని తెచ్చిన మెత్తటి డిస్కులు మూడు. వాటిని నెల్లూరులో కార్లో వదిలేసి భోజనానికెళ్లాం. తిరిగొచ్చేసరికి వేయించిన అప్పడాల్లా వంకర్లు తిరిగాయి! మినియాపొలిస్ చలికి ఏరికోరి కొన్న సరుకు మన ఎండకి రెండు గంటలు ఆగలేదు. సాయంత్రం మైపాడు ఇసుకలో విసిరితే ఒకటి వంకరగా పోయి నీళ్లలో పడింది. వాడు తీసుకురావడానికి వెళ్లి, మోకాలిలోతు నీళ్లలో చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను పిలవలేదు.

మర్నాడు పొద్దున వీధిలో కేక. "ప్లాస్టిక్ బకెట్లకీ బిందెలకీ మాట్లేస్తాం!" పిన్ని అతన్ని ఆపి రెండు ముక్కలూ చేతికిచ్చింది. "ఇదేం పళ్లెమమ్మా?" అన్నాడు. ఇనుపచువ్వ కాల్చి అంచుకి తాకించి, పొగ వాసన చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇది బిందె సరుకు కాదు. దీనికి దీని జాతి ముక్కే కావాల. ఏరేది ఏస్తే అతకదు."

తమ్ముడు లోపలికెళ్లాడు. అదే కంపెనీది, అదే గట్టిరకం ఇంకోటి ఉంది సంచిలో. వాడికి బాగా కలిసొచ్చిన డిస్కు అది. కత్తిపీట మీద పెట్టి కోశాడు. ఆ పేలికని కరిగించి, పగులు పొడుగునా కుట్టువేసినట్టు మాటు వేశాడతను. నలభై రూపాయలు అడిగితే వాడు ఐదొందలు ఇవ్వబోయాడు. పిన్ని ఊరుకోలేదు, యాభై ఇచ్చి పంపింది. మాటు ‘రు’కీ ‘పే’కీ మధ్య గొంగళిపురుగులా ఉంది. అదిక ఎగరదు.

మళ్లీ విరుగుతుందేమోనని వాడు దాన్ని వెంట తీసుకెళ్లలేదు. ఇప్పుడది వరండాలో మంచినీళ్ల కడవ మీద మూత. రాత ఉన్నవైపు లోపలికి ఉంటుంది. నేను వెళ్లినప్పుడల్లా నీళ్లు ముంచుకునే మిషతో ఒకసారి తిప్పి చూస్తాను.

వాడు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. పిన్ని బాగోగులు అడుగుతాడు, గుంటల సంగతి అడుగుతాడు. పెట్టేసే ముందు ఒక మాట.

"అన్నా, కడవ ఎండలోకి జరపలేదు గదా?"