ఒక గొడుగు, నాలుగు గొడుగులు

1971 జనవరిలో ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశాక, మా యారాడలో కుర్రాళ్ళందరిదీ ఒకే మాట: ఐటీఐ చదవాలి, ఫ్యాక్టరీలో చేరాలి. నేను బాపట్ల వ్యవసాయ కళాశాలకు వెళ్తానంటే ఊళ్ళో నవ్వారు. కొండకూ సముద్రానికీ మధ్య నాలుగు కొబ్బరి చెట్లు, కాస్త చోడి చేను, రెండు గేదెలు. దీనికి బీఎస్సీ కావాలా అన్నారు.

బాపట్ల కళాశాల 1945 నాటిది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టింది మాత్రం 1964 జూన్ 12న. మరుసటి ఏడు మార్చిలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వచ్చి లాంఛనంగా ప్రారంభించారు. తిండిగింజల కోసం దేశం అమెరికా ఓడల వైపు చూస్తున్న రోజులవి. విశ్వవిద్యాలయం నమూనా కూడా అమెరికాదే, కాన్సాస్ రాష్ట్రం వాళ్ళు సాయం చేశారు. పాఠం, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే చోట ఉండాలన్నది ఆ పద్ధతి. తిరుపతి, బాపట్ల, రాజేంద్రనగర్ కళాశాలలు ఆ గొడుగు కిందికే వచ్చాయి. పశువైద్యం, ఉద్యానం కూడా అందులోవే.

చదువయ్యాక నాకు అనకాపల్లి పరిశోధన స్థానంలో ఉద్యోగం దొరికింది. 1913లో చెరకు కోసం పెట్టిన స్థానం అది, విశ్వవిద్యాలయం కన్నా యాభై ఏళ్ళు పెద్దది! మారుటేరు వరి స్థానం కూడా 1925 నాటిదే. మనం చెప్పుకునే విశ్వవిద్యాలయ ఘనతలో సగం ఈ పాత క్షేత్రాల చలవేనని నా అభిప్రాయం. వశిష్ట, మసూరి సంకరంతో మారుటేరులో పుట్టిన స్వర్ణ 1982లో విడుదలైంది. ఒడిశా, బెంగాల్ రైతులు కూడా దాన్ని సొంతం చేసుకున్నారు. బాపట్ల సాంబ మసూరి 1986లో వచ్చి మన కంచాల్లో ముతక బియ్యాన్ని పక్కకు నెట్టింది.

మా ఉత్తరాంధ్రకు మాత్రం వ్యవసాయ కళాశాల ఆలస్యంగా అందింది. శ్రీకాకుళం జిల్లా నైరలో పెట్టింది 1989లో. అప్పటిదాకా ఈ వైపు పిల్లలు నాలాగే రైలెక్కి గోదావరి దాటవలసిందే.

1996 నవంబరు 7న విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకు పాఠశాల నడిపిన మనిషి పేరు, సబబుగానే ఉంది. బోర్డు మారింది, పని మారలేదు. అసలు మార్పు ఆ తర్వాతది. 2005లో పశువైద్యం వేరే విశ్వవిద్యాలయంగా విడిపోయి తిరుపతికి వెళ్ళింది. 2007లో ఉద్యానం వెంకట్రామన్నగూడెం చేరింది. 2014లో రాష్ట్రమే రెండయ్యాక రాజేంద్రనగర్ తెలంగాణకు పోయింది, మన విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంకు వచ్చింది.

ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా మీద పడింది. అప్పటికి రిటైరై యారాడలోనే ఉన్నాను. జీడిమామిడి వేళ్ళతో సహా లేచిపోయింది, సరుగుడు తోట నేల కరిచింది, నిలబడ్డ కొబ్బరికి మొవ్వులు విరిగాయి. పక్కింటాయన వచ్చి అడిగాడు: “బావా, మీ యూనివర్సిటోళ్ళకి కబురెట్టు. ఈ చెట్లు బతుకుతాయేటి?”

“కొబ్బరి ఇప్పుడు మాది కాదు, ఉద్యానం వాళ్ళది” అన్నాను.

“మరి గేదో?”

“అది తిరుపతి వాళ్ళది.”

“చోడి మీదేనా?”

అదొక్కటే మాది. ఆయన నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. మొవ్వు దెబ్బతిన్న చెట్లకు కొమ్ము పురుగు పడుతుందని, ముందు వాటిని చూసుకోమని మర్నాడు నేనే వెళ్ళి చెప్పాను. చదువుకున్న రోజుల్లో అన్నీ ఒకే చోట నేర్పారు కనక తెలిసింది.

2020లో మత్స్యానికి కూడా వేరే విశ్వవిద్యాలయానికి చట్టం చేశారు. విడదీస్తే ఒక్కో శాఖకు నిధులు, పోస్టులు పెరుగుతాయన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కానీ కొబ్బరి, గేదె, చోడి, వల నాలుగూ ఒకే ఇంట్లో ఉండే మా యారాడలాంటి ఊళ్ళకు నాలుగు విశ్వవిద్యాలయాల వాళ్ళూ కలిసి, ఏడాదికి ఒక్కసారైనా ఒకే జీపులో రావాలి. పెద్దలను నేను అడిగేది ఇంతే.