ఆల్చిప్పలకు గడి లేదు

అమెరికా మధ్యపశ్చిమంలో ఒక రాష్ట్ర వన్యప్రాణి శాఖలో చేపల జీవశాస్త్రవేత్తని. శని, ఆదివారాల్లో చెరువు గట్టున గాలం వేసేవాళ్ల దగ్గరికి వెళ్లి ఎప్పుడొచ్చారు, ఏం పడ్డాయి, ఎన్ని వదిలేశారు అని అడిగి రాసుకుంటాను. ఉంచుకున్న చేపల్ని కొలుస్తాను. ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే.

ఒకరోజు కొడుకు దగ్గరికొచ్చిన ఒక తెలుగు పెద్దాయన కనిపించారు. లైసెన్సు ఉందా బాబాయిగారూ అంటే ఆయన ముఖం చిన్నబోయింది. "గాలం వెయ్యడానికి కూడా లైసెన్సా అమ్మా? మా కాలవ గట్టున ఎవరూ అడగలేదే!" కేసు రాయడం నా పని కాదు. పక్కన కూర్చుని చెప్పాను.

గాలాలు, రీళ్ల మీద తయారీదారులు 10 శాతం పన్ను కడతారు. 1950 నాటి చట్టం ప్రకారం ఆ సొమ్మును రాష్ట్రాలకు పంచుతారు. అందులో 60 శాతం లైసెన్సుదారుల సంఖ్యను బట్టి, 40 శాతం విస్తీర్ణాన్ని బట్టి. రాష్ట్రం ఒక డాలరు పెడితే కేంద్రం మూడు డాలర్ల దాకా ఇస్తుంది. వేటకూ 1937 నుంచి ఇలాంటి చట్టమే ఉంది, అక్కడ పన్ను తుపాకులూ తూటాల మీద. లైసెన్సు లేని మనిషి గాలం కొన్నప్పుడు ఆ పన్ను భారం మోస్తాడు గానీ, మా రాష్ట్రం లెక్కలోకి రాడు.

అందుకే శాఖ లైసెన్సుల కోసం ప్రచారం చేయాలనే అంటాను. కాపలాదారు కొట్టు పెట్టుకోకూడదని వాదించే సహోద్యోగులున్నారు. నీటిని కాపాడే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా. కొత్తగా వచ్చినవాళ్లకు వాళ్ల భాషలో చెప్పే ప్రచారమైతే మరీ అవసరం.

నా భయం వేరే ఉంది. మునుపు పనిచేసిన చోట ఒక ఏడాది లైసెన్సుల సంఖ్య పెంచడమే లక్ష్యమైంది. హేచరీ ట్రౌట్‌ను లారీలతో తెచ్చి వాగుల్లో వదిలారు. వేసవికి నీళ్లు వేడెక్కితే బతకని చేప అది, ఆలోపు పట్టుకోవడానికే వదిలారు. శాఖ మనుషులూ డబ్బూ అటు పోవడంతో నా ఆల్చిప్పల సర్వే ఆగిపోయింది. ఉత్తర అమెరికాలో దాదాపు 300 రకాల మంచినీటి ఆల్చిప్పలున్నాయి, చాలావాటి మనుగడ ప్రమాదంలో ఉంది. అవి నీటిని వడగడతాయి. వాటి పిల్లలు చేపల మొప్పలను కరుచుకుని పెరుగుతాయి. వాటి కోసం లైసెన్సు కొనేవాళ్లెవరూ లేరు. వాగు విలువను అమ్ముడైన లైసెన్సులతో కొలిస్తే ముందు పోయేవి అవే.

మిస్సోరి ఓటర్లు 1976లో మరో దారి తీశారు. 8 డాలర్ల కొనుగోలుకు ఒక సెంటు చొప్పున అమ్మకం పన్ను సంరక్షణకు పోతుంది. గాలం పట్టనివాళ్లూ కడతారు. లైసెన్సుల ప్రచారానికి తోడు ఇలాంటిదీ ఉండాలి.

మరుసటి వారం బాబాయిగారు లైసెన్సు కాగితం జేబులోంచి తీసి చూపించారు. రెండు బ్లూగిల్ పడ్డాయి. ఒడ్డున దొరికిన ఖాళీ చిప్పొకటి నా చేతిలో పెట్టి, "మా ఊళ్లో వీటిని కాల్చి సున్నం చేసేవాళ్లమ్మా" అన్నారు. చూసి, మళ్లీ నీళ్లలో వేయమన్నాను. నా ఫారంలో ఆల్చిప్పలకు గడి లేదు. రకం పేరు అంచున రాసుకున్నాను.