నరకం గుమ్మం దాకా జీపులో!

మన సినిమాల్లో జీపు ఏం చేస్తుంది? దుమ్ము లేపుకుంటూ విలన్ వెంట పడుతుంది, గడ్డివామిని గుద్దేస్తుంది, వీలైతే వాగు మీంచి ఎగురుతుంది. ఆ లెక్కన, అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోయబ్ అనే ఊళ్ళో నేనెక్కిన జీపు ఏ ఫైట్ మాస్టరుకీ పనికిరాదు. మనిషి నడక కంటే నెమ్మదిగా పోయింది! అయినా ఏ ఛేజింగ్ చూసినప్పుడూ నా గుండె అంతగా కొట్టుకోలేదు.

మోయబ్ పేరు వినకపోయినా ఆ చుట్టుపక్కల్ని మీరు తెర మీద చూసే ఉంటారు. జాన్ వేన్‌తో జాన్ ఫోర్డ్ తీసిన ‘రియో గ్రాండే’ (1950) షూటింగ్ అక్కడే. ‘థెల్మా అండ్ లూయీస్’ (1991) చివర్లో ఇద్దరాడవాళ్ళూ కారుతో సహా దూకేసే కొండ అంచు కూడా ఆ దగ్గర్లోదే. ఎర్రరాయి, నీలాకాశం, కింద కొలరాడో నది. సెట్టింగ్ ఖర్చు లేదు!

డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు 350 మైళ్ళు తోలుకుంటూ నన్నక్కడికి తీసుకెళ్ళాడు. “వాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండరా తమ్ముడూ” అని మా అక్క ముందే చెప్పింది. మేం వెళ్ళే దారి పేరు ఆవిడకి తెలీదు. ‘హెల్స్ రివెంజ్’... అంటే నరకం పగ!

అక్కడ రోడ్డంటూ ఏమీ లేదు. రాతి మీద రంగుతో వేసిన మంట బొమ్మలే గుర్తులు. 6 మైళ్ళ పైచిలుకు అలా పోవాలి. కోట్ల ఏళ్ళ క్రితం ఇసుకతిన్నెలుగా ఉండి గట్టిపడిన ఈ రాయిని ‘స్లిక్‌రాక్’ అంటారు. ఇనప లాడాల గుర్రాలు జారేవి గనక జారుడు రాయి అన్నారు. రబ్బరు టైరుని మాత్రం గరుకు కాగితంలా పట్టేస్తుంది. ఇంకా పట్టు దొరకాలని మావాడు టైర్లలో గాలి సగం దాకా తీసేశాడు. పక్కనున్న నల్లటి మట్టి మీద అడుగు వెయ్యద్దన్నాడు. అది ప్రాణమున్న మట్టిట! ఒక్కసారి తొక్కితే కోలుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

మొదట్లోనే ఏనుగు వీపులాంటి దిబ్బ. అటూ ఇటూ లోయ. ఎక్కేటప్పుడు అద్దంలోంచి ఆకాశం తప్ప మరేం కనిపించదు. కళ్ళు మూసుకున్నానని ఒప్పుకోడానికి నాకేం సిగ్గులేదు.

అసలు కథ ‘హెల్స్ గేట్’ దగ్గర. రెండు రాతిగోడల నడుమ గరాటులాంటి చీలిక, నిట్టనిలువుగా. చెరో గోడ మీద చెరో చక్రం వేసి ఎక్కాలి. కావాలంటేనే! పక్కనుంచి తప్పుకుపోయే దారీ ఉంది. “మామయ్యా, నువ్వు దిగి వీడియో తియ్యి” అన్నాడు మావాడు.

చక్రం ఎక్కడుందో డ్రైవరుకి కనిపించదు. అందుకని ఎదురుగా ఒకరు నిలబడి చేతులతో దారి చెబుతారు. ఆ పనికి మావాడి స్నేహితుడు, నెరిసిన గడ్డం ఆసామి ఒకాయన వచ్చాడు. వేలు కుడికి ఊపితే కుడికి, పిడికిలి బిగిస్తే ఆగాలి. సగం ఎక్కేదాకా బాగానే ఉంది. అక్కడ ఆయన పిడికిలి బిగించాడు. మావాడు ఆగలేదు, గ్యాస్ తొక్కాడు. వెనక ఎడమ చక్రం గాల్లోకి లేచింది. జీపు పక్కకి ఒరిగింది... ఒరిగి, అలాగే ఉండిపోయింది. మా అక్క మొహం కళ్ళముందు మెదిలింది.

పెద్దాయన అరవలేదు. పిడికిలి దించకుండా వాడి కళ్ళలోకే చూశాడు. తర్వాత చెయ్యి నెమ్మదిగా వెనక్కి ఆడించాడు. అంగుళం, మరో అంగుళం. నాలుగు చక్రాలూ నేలకానడానికి పది నిమిషాలు పట్టింది.

రెండోసారి ప్రయత్నిస్తాడనుకున్నాను. పక్కదారికి తిప్పాడు. నదిని పైనుంచి చూసేచోటుకి చేరేదాకా నోరు విప్పలేదు.

రాత్రి వీడియో పెట్టమన్నాడు. నా చెయ్యి వణికి అందులో ముప్పాతిక ఆకాశమే పడింది.

“పోన్లే మామయ్యా, అమ్మకి చూపించడానికి ఇదే నయం” అన్నాడు.