హార్సిలీ కొండపై రెండు రోజులు

బెజవాడ ఎండ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. 2005 మే నెలలో, కృష్ణ ఇసుకతిన్నెల మీదుగా వీచే వడగాలికి తాళలేక కుటుంబంతో హార్సిలీ హిల్స్‌కు బయలుదేరాను. తిరుపతి వరకు రైలు, అక్కడి నుండి మదనపల్లె మీదుగా బస్సు ప్రయాణం.

సముద్రమట్టానికి నాలుగువేల అడుగులకు పైగా ఎత్తున్న ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల నీడన పెరిగిన మల్లమ్మ అనే బాలిక ఇక్కడివారి రోగాలను నయం చేసేదని ఐతిహ్యం. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్సిలీ ఇక్కడ వేసవి విడిది కట్టుకొన్నాడు. విడిదికి వచ్చిన దొర పేరు నిలిచి మల్లమ్మ పేరు మరుగున పడడం నాకెందుకో రుచించలేదు.

మేము దిగిన హోటలు లోయ అంచున ఉంది. కిటికీ తెరిస్తే నీలగిరి చెట్ల వాసన. మే నెలలో దుప్పటి కప్పుకొని నిద్రించడం మాకదే మొదలు!

తెల్లవారి కుళాయి తిప్పి, లోయను చూస్తూ మైమరచాను. బకెట్టు పొర్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. బందరు కాలువ గట్టున పెరిగినవాడికి అదొక చప్పుడా? పిల్లల స్నానాల వేళకు కుళాయిలో చుక్క లేదు. అద్దె తీసుకొని నీళ్ళివ్వరా అని మేనేజరుపై మండిపడ్డాను.

కొంతసేపటికి నడివయసు పనివాడొకడు రెండు బకెట్లు మోసుకొని మెట్లెక్కి వచ్చాడు.

"నీళ్ళు కింద నుంచి ట్యాంకరులో రావల్ల సామీ. మాపటికి గానీ రాదు" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. మాది ఏ ఊరని అడిగాడు. బెజవాడ అనగానే అతని ముఖం వికసించింది. 2004 పుష్కరాలకు వచ్చాడట. ప్రకాశం బ్యారేజీ కంటె అతనికి బాగా గుర్తున్నది కాలువ.

"రాత్రంతా గట్టు మీదనే పండుకొంటి సామీ. నీళ్ళు పోతానే ఉండె. ఒక్కరన్నా బిందె పెట్టరే!"

అతని ఊరు కొండ కిందనే. బోరు ఎండిపోయి నెల దాటింది. అతని భార్య తెల్లవారుజామున మూడు గంటలకే బిందెల వరుసలో నిలబడుతుందట. వేసవిలో కాలువ కట్టేస్తేనే విసుక్కొనే నేను అతనికేమని బదులు చెప్పను?

మరునాడు గది ఖాళీ చేస్తూ అతని చేతిలో యాభై రూపాయలు పెట్టాను. మొహమాటంగానే తీసుకొన్నాడు. తరువాత స్నానాల గదిలోకి వెళ్ళి, మేము మిగిల్చిన అర బకెట్టు నీళ్ళు ఎత్తుకొని, తొణకకుండా, పక్కగది కడగడానికి నడిచాడు.