మళ్లీ రాయాలా?

సీయూఈటీ పీజీ సైకాలజీ పరీక్ష మళ్లీ రాయాలా, వచ్చిన మార్కులకి దొరికిన కాలేజీలో చేరిపోవాలా? కొన్నాళ్లుగా ఇంట్లో ఇదే చర్చ.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ చదవాలని నా కోరిక. దారి ఆ పరీక్షే. 75 ప్రశ్నలు, ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత. నాకు తగ్గింది స్టాటిస్టిక్స్‌లో. డిగ్రీలో అది పైపైనే చెప్పారు. కూర్చుని చదివితే పట్టుబడేదే.

"ఏడాది పోతుందే" అని అమ్మ దిగులు. బొమ్మలు చేసే నాన్న మాత్రం లేత్ మీద అంకుడు కర్రకి లక్క రంగు ఎక్కిస్తూనే "రాయమ్మా" అన్నారు.

మా ఊరు ఏటికొప్పాకలో ఎవరికైనా మనసు బాగోలేదంటే ముందు దిష్టి తీస్తారు, తర్వాత తాయెత్తు కడతారు. మరీ ముదిరితే విశాఖ మానసిక వైద్యశాల. ఈ రెంటి మధ్యలో, కూర్చోబెట్టి, చెప్పేది ఓపిగ్గా వినే మనిషి లేరు. ఆ మనిషి నేను కావాలి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే మామూలు పీజీ చాలదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి. అంత దూరం వెళ్లాలనుకున్నప్పుడు ఒక్క ఏడాది ఎక్కువేం కాదు.

అందుకే మళ్లీ రాస్తున్నాను. ఆంధ్రా యూనివర్సిటీ సీటు కోసం ఏపీ పీజీసెట్ కూడా రాస్తాను. సైకాలజీలో పీజీ చేసిన అక్కలు, అన్నలు ఎవరైనా ఉంటే, మీ స్టాటిస్టిక్స్ నోట్సు నాకు పంపండి.